అంచనా తప్పలేదు

గడియారాలు బాగుచేసే ఆయనకి ఒక నియమం ఉండేది. వాచీ మూత విప్పాడంటే, మళ్ళీ బిగించేదాకా ఫోను ముట్టుకోడు. దాని నోరు నొక్కేసి సొరుగులో పడేస్తాడు. ఆవగింజంత మరలతో పని. ఉలిక్కిపడి చెయ్యి జారిందంటే రోజంతా నేలమీద వెతుక్కోవాలి. ఇరవై ఏళ్ళుగా ఆ నియమమే ఆయనకి అన్నం పెట్టింది.

దుకాణం గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరులోగా ఎనిమిది లక్షలిస్తే మీకే, లేకపోతే ఖాళీ చెయ్యండి అన్నాడు. ఆలుమగలు కూడబెట్టింది నాలుగు. అందులో సగం ఆవిడ ట్యూషన్లు చెప్పి దాచింది.

అప్పుడు దిగాడు బావమరిది. వాడిది మంచి మనసే. వచ్చిన చిక్కంతా అదే.

"నాలుగు లక్షలకే షేర్లు కొనడమెందుకు బావా? షేర్ల కంపెనీ వాళ్ళే పన్నెండు అప్పిస్తారు. పదహారుకి కొను. పావు వంతు పెరిగితే చాలు, నాలుగు లక్షలు లాభం. గది నీదే!" అని అరచేతిలో వైకుంఠం చూపించాడు.

"తగ్గితే?"

"తగ్గినా మళ్ళీ లేస్తుంది. ఓపిక పట్టాలి, అంతే."

ఓపిక మాట వినగానే ఆయన మెత్తబడ్డాడు. అది తనకి లేకపోతే ఇంకెవరికుంది? అప్పుసొమ్ముకి ఓపిక ఉండదని ఆ ఇద్దరు మేధావులకీ తట్టలేదు. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అన్నారా? ఒప్పందంలో అంతా రాసే ఉంది. ఆవగింజంత మరలు చూడగల మనిషి ఆ పేజీలన్నీ గబగబా దాటేసి, కింద 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కాడు.

ఆరో రోజు షేరు దబ్బున పడింది. పదిన్నరకి మెసేజీ వచ్చింది: అప్పుకి హామీ తగ్గింది, పన్నెండింటిలోగా లక్షన్నర జమచేయండి, లేదంటే మీ షేర్లు అమ్మేస్తాం. పదకొండున్నరకి ఇంకోటి. ఫోనేమో సొరుగులో ఉంది. బల్లమీద ఎవరిదో పాత వాచీ విప్పి ఉంది.

ఒంటిగంటకి వాచీ నడిచింది. సంతోషంగా సొరుగు తెరిచాడు. షేర్లు అప్పటికే అమ్మేశారు. అప్పూ వడ్డీ ఖర్చులూ పోగా ఆయన పేర మిగిలింది అరవై వేలు. కంపెనీకి ఫోన్ చేస్తే, "మెసేజీ పంపాం కదండీ" అంది అక్కడి అమ్మాయి, ఎంతో మర్యాదగా. చూసినా గంటన్నరలో లక్షన్నర ఎక్కణ్ణించి తెచ్చేవాడు? ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఇంట్లో నోరు విప్పలేదు. తొమ్మిది రోజులు అలాగే తిన్నాడు, పడుకున్నాడు.

పదో రోజు సాయంత్రం బావమరిది గుమ్మంలోంచే కేకేశాడు. "బావా! నే చెప్పలా? కొన్నదానిమీద పావు వంతు దాటేసింది! రేపే గది రాయించేసుకో!"

"నీ నోట్లో చక్కెర పొయ్యా!" అంటూ ఆవిడ ఫోనందుకుని యజమాని నంబరు నొక్కేసింది.

"పెట్టెయ్," అన్నాడాయన. "ఆ షేర్లు మన దగ్గర లేవు. పడ్డరోజే అమ్మేశారు."

"ఎవరు?"

"అప్పిచ్చినవాళ్ళు."

బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ మొగుడి వంకే చూస్తోంది.

"అంటే, మీరు అనుకున్నట్టే పెరిగింది?"

"పెరిగింది."

"మన డబ్బు?"

ఈలోగా ఫోన్లో యజమాని, "హలో, చెప్పండమ్మా, డబ్బు సిద్ధమేనా?" అంటున్నాడు.

ఆవిడ ఫోను చెవికి ఆనించుకుంది.

"లేదండీ. నెలాఖరుకి ఖాళీ చేస్తాం."