పిడి లేని వాల్వు

మా అక్క వంటింట్లో వేడినీళ్ల పంపు బాగుచేసింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఈ రెండు చేతులూ నరుక్కోవాలనిపిస్తుంది.

నేను ప్లంబర్ని. నాకు చెయ్యి ముందు, నోరు తర్వాత. నాలుగేళ్ల కిందట ఒక మేస్త్రీ మా అమ్మనెత్తి తిడితే రెంచితో వాడి దవడ పగలగొట్టి ఆర్నెల్లు జైల్లో ఉన్నాను. వారం వారం వచ్చి చూసింది అక్క ఒక్కతే. బయటికొచ్చిన రోజు, ఇక ఎవరి మీదా చెయ్యెత్తనని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆదివారం పొద్దున బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, ఊళ్లో పంపులన్నీ నీ చేతిలోవేనంటావ్. మీ అక్క సింకులో వేడినీళ్లు మూడు నెల్లుగా చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. గ్లాసు నిండేసరికి నాకు గడ్డం పెరుగుతోంది."

నవ్వుకుంటూ వెళ్లాను. అక్క తలుపు తీసి, నా భుజాన సంచి చూడగానే మొహం మాడ్చుకుంది.

"ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను? నాకా నీళ్లు చాలు. టీ తాగి వెళ్లు."

"నీకు చాలినా నా పరువుకి చాలవక్కా," అన్నాను.

చన్నీళ్లు జోరుగానే ఉన్నాయి. వేడి వైపు తిప్పితే మాత్రం దారమంత ధార. పంపు మూతికున్న జల్లెడ విప్పాను, శుభ్రంగా ఉంది. సింకు పైనున్న గీజరు గొట్టం విప్పి బకెట్లో పట్టాను. నీళ్లు ఎగిరి నా మోచెయ్యి చుర్రుమంది. వేడి పెంచే మర చివరిదాకా తిప్పి ఉంది. అంటే అడ్డం ఎక్కడో కిందే. గొట్టం బిగించేసి సింకు కింద దూరాను. వేడినీళ్ల వాల్వు దాదాపు పూర్తిగా కట్టేసి ఉంది. తిప్పే పిడి లేదు. ఎవరో స్క్రూ విప్పి మరీ తీసేశారు.

బుర్రున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. పిడి దానంతటది ఊడిపోదు కదా. నేను ఆలోచించలేదు. ఏ చేతకాని వెధవ చేసిన పనో అని తిట్టుకుంటూ కటింగ్ ప్లేయరుతో పట్టి ఒక్క మెలి తిప్పాను. పైన నీళ్లు సింకును దబదబా బాదాయి. నేను లేచేసరికి కిటికీ అద్దం ఆవిరితో తెల్లబడిపోయింది.

"అదీ దెబ్బంటే!" అంటూ బావ వచ్చి స్టీలు చెంబు ధార కింద పెట్టాడు. చిటికెలో నిండింది. దాన్ని పట్టుకుని అక్క వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ ఇది నిండేలోపు ఎక్కువసార్లు పక్కింట్లో దూరేదానివి. ఇప్పుడు పరిగెత్తవే చూద్దాం. మీ తమ్ముడంటావా, వాడికి నీ ఒట్టుందిగా."

వేళాకోళమనుకున్నాను. అక్క నవ్వలేదు. గోడకు అంటుకుపోయి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. గౌను పొడుగు చేతులు మోచేతుల దాకా జారాయి. కింద చర్మమంతా కాలిన మచ్చలు. కొన్ని పాతవి, నల్లబడ్డాయి. కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

బావ చెంబు విసిరాడు. మధ్యలో దూరాను. నీళ్లు నా మెడ మీద, భుజం మీద పడ్డాయి. ఆ తర్వాత నాకు ఒట్టూ లేదు, గిట్టూ లేదు. జుట్టు పట్టుకుని బావ మొహాన్ని సింకు అంచుకేసి కొట్టాను. ముక్కు పగిలింది. మళ్లీ కొట్టాను. ఒక పన్ను సింకులో పడింది. వాడి కుడిచెయ్యి మెలిపెట్టి ధార కింద పెట్టి అదిమాను. గావుకేకలు పెట్టాడు.

"ఎలా ఉందిరా? చెప్పరా, ఎలా ఉంది?"

హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? రెండో చేత్తో సంచిలో వెతికితే రెంచి తగిలింది. వాడి నెత్తి మీదికి ఎత్తాను.

ధార ఆగిపోయింది.

అక్క సింకు కింద నేల మీద కూర్చుని ఉంది. గౌను జేబులోంచి పిడి తీసి, తగిలించి, వాల్వు కట్టేసింది.

"దించు," అంది.

"నాతో ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్తే ఏం చేస్తావో చూస్తూనే ఉన్నాగా! నువ్వు వీణ్ణి చంపి లోపలికి పోతావ్. నేను మళ్లీ ఆ జైలు గేటు దగ్గర నిలబడాలి. అందుకే నీతో చెప్పకుండా ఈ వాల్వుని నమ్ముకున్నా. దీనికి కోపం రాదు కదరా."

రెంచి నా చేతిలోంచి జారింది. బావ చెయ్యి పొట్టకి అదుముకుని నేల మీద మూలుగుతున్నాడు. అక్క పిడి ఊడదీసి జేబులో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది. వాడి వైపు తిరిగి కూడా చూడకుండా నాతో బయటికి నడిచింది.

వీధిలో రెండడుగుల ఎడంగా నడుస్తోంది. ఆమె పక్కనే స్కూటరొకటి దూసుకొస్తుంటే, ఇటు లాగుదామని గబుక్కున చెయ్యి చాపాను.

అక్క ఉలిక్కిపడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.