నలభై రెండు చుట్లు

గంగక్క గంజులో మరుగుతున్న కట్టుగుడ్డలను పొడవాటి కట్టెతో అడుగు నుంచి కలియబెట్టింది. సోడానీళ్ళలో గుడ్డలు తెల్లగా ఉబ్బి పైకి తేలుతున్నాయి, మళ్ళీ మునుగుతున్నాయి. ఆవిరి ముఖానికి కొడుతోంది. చేతులకు మాత్రం ఏమీ తెలియడం లేదు. మోచేతుల కింది నుంచి ఆమెకు వేడీ లేదు, చల్లదనమూ లేదు. అందుకే కట్టె మీద మూరెడు ఎత్తున ఎర్రటి గీత ఉంది. చెయ్యి ఆ గీత కిందికి దిగకూడదు. గీత పెట్టింది పెద్ద సిస్టరమ్మ. "నీ కండ్లే నీ వేళ్ళు గంగక్కా" అని చెప్పి మరీ పెట్టింది.

ఆ సిస్టరమ్మే ఇవాళ నాలుగు గంటల జీపులో వెళ్ళిపోతోంది. పేరు ఒర్సోలా, ఊరు ఇటలీలో ఏదో కొండపల్లె. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాయి, చూపు మసకేసింది, ఇక చాలు వచ్చెయ్యమని వాళ్ళ కాన్వెంటు పెద్దలు రాశారు. గోదావరి పొంగి భద్రాచలం బజార్లలోకి వచ్చిన ఏడు తర్వాత ఇది మూడో ఎండాకాలం. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఈ కుష్టు దవాఖానాలో పొద్దున్నుంచీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇప్పపూల వాసన మాత్రం ఏ బాధా లేనట్టు రోజూలాగే వరండాలోకి వచ్చి కూర్చుంది.

గుడ్డలు పిండి, తీగ మీద ఆరేసి, నిన్న ఆరినవాటిని ఒళ్ళో వేసుకుని గంగక్క కూర్చుంది. ఆమె చేతివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి. బొటనవేలికీ, ముడిచిన చూపుడువేలి కణుపుకీ మధ్య పట్టీ కొస ఇరికించి, రెండో అరచేత్తో దొర్లిస్తుంది. పదహారేళ్ళుగా ఇదే పని. పొద్దున ఉడకబెట్టడం, పగలు చుట్టడం. చూసేవాళ్ళకు ఇందులో చెప్పుకోదగిందేమీ లేదు.

ఆమెను ఇక్కడికి తెచ్చింది సొంత అన్న. కుసుమంచిలో బస్సెక్కించి తీసుకొచ్చి, గేటు పక్కన కూర్చోబెట్టి, "సాయంత్రానికి తిరిగొస్త, ఈడనే ఉండు" అన్నాడు. ఆమె అక్కడే ఉంది. మూడు సాయంత్రాలు ఉంది. మూడోనాడు పొద్దుగూకే వేళ సిస్టరమ్మ వచ్చి మట్టిలోనే పక్కన కూర్చుంది.

"మా అన్న వస్తడా అమ్మా?"

"నాకు తెల్వది బిడ్డా."

"నా రోగం పోతదా?"

"పోతది. వేళ్ళు మాత్రం మునుపటి లెక్క గావు."

అంతా చెప్పినట్టే జరిగింది. రోగం పోయింది, వేళ్ళు ముడుచుకునే ఉండిపోయాయి. అన్న మళ్ళీ రాలేదు, కానీ వస్తాడని సిస్టరమ్మ చెప్పలేదు గాబట్టి అదీ తప్పు కాలేదు. మొహమాటానికైనా అబద్ధమాడని మనిషిని గంగక్క అంతకు ముందు చూడలేదు.

పనికి పెట్టిన కొత్తలో ఆమె చుట్టిన పట్టీలు పనికొచ్చేవి కావు. బిగువు ఎంతో వేళ్ళకు తెలిస్తే గదా. ఒకటి రాయిలా బిగిసేది, ఇంకోటి పుండు మీద పెట్టేలోపే ఊడి నేల మీద పారేది. లెక్కపెట్టి చుట్టమన్నారు. పదీ పదిహేను దాటాక ఎక్కడున్నదో మరిచిపోయేది. ఇక తన వల్ల కాదని ఏడుస్తున్న రోజుల్లోనే, గుడ్డలారేసే తీగను పెరట్లోంచి తీసి, సిస్టరమ్మ పాఠం చెప్పే తరగతి గది కిటికీ కింద కట్టించారు. ఎందుకో గంగక్క అడగలేదు. గరీబు మనిషి తీగ ఎక్కడ కడితే అక్కడ ఆరేస్తుంది.

ఆ గదిలో సిస్టరమ్మ అమ్మాయిలకు తన భాష నేర్పేది. సన్యాసం పుచ్చుకునే ఆ పిల్లలు రెండేళ్ళు ఇటలీలో ఉండి రావాలి. "లావారె, అంటే కడుగుట" అని మొదలుపెట్టేది. లావో, లావి, లావా, లావ్యామో, లావాతే, లావానో. నేను కడుగుతాను, నువ్వు కడుగుతావు, ఆమె కడుగుతుంది, మేము, మీరు, వాళ్ళు. పిల్లలు కోరస్‌గా అప్పజెప్పేవారు. ఆ లయకు గంగక్క అరచెయ్యి తనంతట తానే కదిలింది. మాటకొక చుట్టు. ఆరు చుట్లకొక వరస. ఇప్పుడు చేసేది ఒక వరస, ఒకప్పుడు రోజూ చేసింది ఒకటి, ఒక్కసారి చేసి ముగించింది ఒకటి, చేయబోయేది ఒకటి, వీలైతే చేద్దామనేది, చేయాలని కోరేది, చేస్తే బాగుండునని అనుకునేది. ఏడు వరసలు, నలభై రెండు చుట్లు. మాట అయిపోయేసరికి పట్టీ అయిపోయింది. విప్పి చూస్తే బిగువు సమంగా ఉంది. తర్వాతదీ అంతే. అచ్చులో పోసిన బెల్లపు దిమ్మల్లా వచ్చాయి ఆ రోజు పన్నెండు చుట్టలు.

అప్పుడు మొదలైన ఆశ్చర్యం పదహారేళ్ళయినా తీరలేదు. ఆ భాషలో చేసే పనులకు మూడే ఇంటిపేర్లు. ఆరె, ఏరె, ఈరె. కడగడం, మాట్లాడటం, ఎదురుచూడటం ఆరె వాళ్ళు. భయపడే తేమేరె ఏరె వాళ్ళది. వెళ్ళిపోయే పార్తీరె ఈరె వాళ్ళది. ఇంటిపేరు తెలిస్తే చాలు, కొత్త మాటైనా ఎలా నడుస్తుందో గంగక్కకు ముందే తెలిసిపోయేది. లోపల పిల్లలు తడబడి ఆగితే బయట ఆమె చెయ్యి ఆగకుండా తిరిగేది. మొదటిసారి అలా జరిగిననాడు ఒళ్ళంతా గగుర్పొడిచింది. అక్షరం రాని తనకు ఎవరూ చెప్పని మాట తెలియడమేమిటి? అంతకన్నా పెద్ద వింత ఇంకోటి ఉంది. ఆ వరసలో చోటు లేని మనిషి లోకంలో లేడు. ఊరు వెలేసినవాళ్ళు కూడా నేనో, నువ్వో, వాళ్ళో అయి తీరాలి. ఎవరినీ గేటు దగ్గర దించిపోయే వీల్లేదు.

ఇది దొంగచదువని ఆమె నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా పదహారేళ్ళు పెదవి కదపకుండా చుట్టింది. ఒక్క మాటకు మాత్రం చుట్టలేదు. తోర్నారె, అంటే తిరిగి వచ్చుట. అది వినపడగానే పట్టీ ఒళ్ళో పడేసి చేతులు కట్టుకుని కూర్చునేది. అది అన్న చెప్పిన మాట.

ఇవాళ తరగతి లేదు. కట్లు కట్టే దూలయ్య చుట్టలు తీసుకుపోవడానికొచ్చి నవ్వాడు.

"ఏంది గంగక్కా, ఒకటి గుమ్మడికాయ, ఒకటి బుడమకాయ? చేతికి దిష్టి తగిలిందా?"

"యాది తప్పిన. మల్ల చుడత, తియ్."

దూలయ్య నవ్వు ఆపేశాడు. "నాకూ యాడ పని సాగుతలేదు" అని చుట్టలు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం జమ్లి వచ్చింది. తండా పిల్ల, ఇటలీ వెళ్ళొచ్చి ఇక్కడే నర్సుగా ఉంది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. సిస్టరమ్మ సామానంతా కలిపి ఒకటే సంచి అయిందనీ, డ్రైవర్ ఖయ్యూం జీపు కడుగుతున్నాడనీ చెప్పి, తీగ మీది గుడ్డలు తీస్తూ నవ్వింది.

"ఇగ గీ కిటికీ మూగది అయితది గంగక్కా. మేం చదివేటప్పుడు అడిగిన నేను. అమ్మా, మేం ముందల్నే ఉన్నం గద, గంత గట్టిగ ఎందుకు చెప్తవని. ఏమన్నదో తెల్సా? కిటికీ బయట ఒకామె ఉన్నది, ఆమె చేతులకు ఇనబడాలె అన్నది."

జమ్లి వెళ్ళాక గంగక్క చాలాసేపు తీగను చూస్తూ ఉండిపోయింది. పదహారేళ్ళు దొంగిలించాననుకున్నది ఆమె కోసమే వండి, కిటికీలోంచి రోజూ వడ్డించారు.

మూడున్నరకు ఆమె ఒక పట్టీ తీసుకుని వరండాకు నడిచింది. సిస్టరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, చెప్పులు తొడుక్కుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని. గంగక్కకు తెలుసుకోవలసింది ఒక్కటే. మళ్ళీ వస్తుందా? ఊరికే నోటితో అడిగే ధైర్యం లేదు.

"ఎవరూ? గంగక్కనా?"

"అవ్ అమ్మా. ఇద్దరం ఒకటి చుడదాం."

పట్టీ కొస ముసలి వేళ్ళకు అందించింది. సిస్టరమ్మ ఆశ్చర్యపోలేదు. "ఏం మాట?" అని అడిగింది, ఇన్నేళ్ళూ ఇద్దరూ ఇలాగే చుడుతున్నట్టు.

"తోర్నారె."

సిస్టరమ్మ మొదటి చుట్టు చుట్టింది. "తోర్నో."

"తోర్ని" అంది గంగక్క. తన గొంతులో ఆ భాష వినడం ఆమెకదే మొదలు. చుట్టు ఒకరిది, తర్వాతది ఇంకొకరిది. తోర్నా, తోర్న్యామో, తోర్నాతే, తోర్నానో. మొదటి వరస అయింది. ఒకప్పుడు తిరిగొస్తూ ఉండిన వరస అయింది. ఒక్కసారి తిరిగొచ్చి ముగిసిన వరస కూడా అయింది. పద్దెనిమిది చుట్లు. ఎక్కడా తడబాటు లేదు. జీపు వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

నాలుగో వరస రాబోయే కాలానిది. దాని మొదటి చుట్టు సిస్టరమ్మది. తోర్నెరో. నేను తిరిగొస్తాను.

ముసలి చెయ్యి ఆగిపోయింది. పెదవులు విచ్చుకుని, మళ్ళీ మూసుకున్నాయి. వరసలో ఉన్న మాటే గదా, అనేస్తే ఏం పోయింది, పాఠం అప్పజెప్పినట్టు అనేయొచ్చు గదా అనిపించింది గంగక్కకు. అబద్ధమైనా సరే, వినాలనిపించింది.

"గీ చుట్టు నాతోని గాదు గంగక్కా" అంది సిస్టరమ్మ నెమ్మదిగా.

గంగక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అవి గేటు దగ్గర కార్చిన నీళ్ళు కావు. సొంత అన్న ఊదిపారేసినంత సులువుగా అన్న మాట, ఈ పరాయిదేశపు ముసలమ్మ పాఠంలో ఉన్నా అనలేకపోయింది. తనతో అనే ఒక్క మాటకు అంత బరువుందని, తను అంతటి మనిషినని, గంగక్కకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనిపించలేదు.

"వద్దమ్మా. అనకు. ఈడికి చాలు" అంది. కళ్ళతో చూసుకుంటూ పట్టీకి పిన్ను గుచ్చింది.

సిస్టరమ్మ ఆ ముడిచిన చేతులు రెండూ తీసుకుని తన చెంపలకు ఆనించుకుంది. చేతులకు ఏమీ తెలియలేదు. గంగక్క చూసి తెలుసుకుంది, అవి తడిశాయని. ఖయ్యూం వచ్చి, "అమ్మా, జల్దీ, రైలు అందాలె" అని సంచి ఎత్తుకున్నాడు. దూలయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దించాడు. జీపు టేకుచెట్ల మధ్య ఎర్రదుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. దుమ్ము అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

గంగక్క మాత్రం తీగ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పొద్దున చెడిపోయిన చుట్టలన్నీ విప్పింది. "లావో" అంది, గట్టిగా, కిటికీలోకి వినపడేటంత గట్టిగా. వార్డు అరుగుల మీది రోగులు తలలు తిప్పి చూశారు. ఆమె ఆగలేదు. పొద్దుగూకేసరికి అన్నీ సమంగా చుట్టి డబ్బాలో పేర్చింది. ఒక్కదాన్ని అందులో పెట్టలేదు.

అది కిటికీ గూట్లో ఉంది. పద్దెనిమిది చుట్ల దగ్గర పిన్ను గుచ్చి ఉంది. చుట్టని మిగతా పట్టీ తెల్లగా గోడ మీదికి జారి, గాలికి మెల్లగా కదులుతోంది.