కలిసి కుడితే నాలుగు గంటలు

ఆ తోడికోడళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నోటుపుస్తకాలు కుట్టేవాళ్లు. రెండొందల నలభై పుస్తకాలు నాలుగు గంటల్లో అయిపోయేవి. అందులో ఎవరివి ఎన్ని అని అడిగిన పాపాన పోయినవాడు లేడు, కొత్త మేనేజరు వచ్చేదాకా.

ఆ ఉదయం ఎనిమిదింటికి ఆయన చిన్నామెను ఒక్కదాన్నే బల్ల దగ్గర కూర్చోబెట్టి గడియారం చూసుకున్నాడు. పెద్దామెను అద్దాల తలుపు ఇవతల లేబుళ్లు అంటించమన్నాడు.

"నా పనెప్పుడు చూస్తారు సార్?" అనడిగిందామె.

"నీది వేరేగా చూడక్కర్లేదమ్మా. ఇద్దరి లెక్కలోంచి ఆవిడది తీసేస్తే మిగిలేది నీదేగా! ఈ రెండొందల నలభైకి పది గంటలు దాటేవాళ్లని మాత్రం వచ్చేవారం నుంచి రావద్దంటున్నాం."

ఈ లెక్క పెద్దామెకు కొట్టినపిండి. పదో తరగతి చదివే కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఇలాంటివి ఎన్ని చేయించిందో! ఒకడు గోడ ఇన్ని రోజుల్లో కడతాడు, ఇద్దరూ కలిస్తే ఇన్ని రోజులు, మరి రెండోవాడి సంగతేమిటి? "ఈ లెక్కల్లో మనుషులకి జలుబు కూడా చెయ్యదేమిటే?" అని కూతుర్ని నవ్వించేది. ఇప్పుడా రెండోవాడు తనే అయ్యేసరికి నవ్వు రాలేదు.

ఆరు నెలలుగా ఆమె కుడి బొటనవేలు మొద్దుబారిపోయింది. సూది పట్టు చిక్కదు. చిన్నామె పైకి ఒక్కమాట అనకుండా అక్క ముందున్న పుస్తకాలు నాలుగేసి లాక్కుని కుట్టిపెట్టేది. పెద్దామె మొగుడు మంచం పట్టి రెండేళ్లయింది, ఇల్లు గడిచేది ఆ సూది మీదే.

లేబులు వెనక పెన్సిలుతో గబగబా గీసింది. చిన్నామెకు ఎనిమిది గంటలు పడితే తనకూ ఎనిమిదే. ఏడు పడితే తనకు తొమ్మిది చిల్లర. ఆరే పడితే పన్నెండు. మూడింటిదాకా సాగదీస్తే చాలు, గండం గట్టెక్కినట్టే. కానీ ఆ సంగతి లోపలున్నదానికి ఎవరు చెప్పాలి? దానికి కూడికలంటేనే తలనొప్పి.

పదింటికి అద్దంలోంచి చూసింది. ఇరవయ్యేసి పుస్తకాల కట్టలు అప్పుడే నాలుగు లేచాయి. ఆమె చేతిలోని లేబులు వంకరగా అంటుకుంది.

పదకొండింటికి ఇక ఆగలేక మంచినీళ్ల గ్లాసు వంకతో లోపలికెళ్లింది. కట్టలు ఆరయ్యాయి.

"నెమ్మదిగా కుట్టవే," అంది గొంతు తగ్గించి. "నీ పుణ్యముంటుంది, నెమ్మదిగా."

"నా వేళ్లకేం కాదులే అక్కా. నువ్వు కంగారుపడకు."

"అది కాదే..."

"మాటలొద్దమ్మా," అన్నాడు మేనేజరు కుర్చీలోంచే.

ఆమె బయటికొచ్చేసింది. చిన్నామె అటువైపు నుంచి కన్నుగీటి, ఇంకా వంగి కూర్చుంది. ఆ వేగం చూస్తుంటే పెద్దామెకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది, మళ్లీ ఆ పిల్లమీద జాలేసింది. మధ్యాహ్నం చిన్నామె అన్నానికి కూడా లేవలేదు. తలుపు తోసుకెళ్లి ఆ దారం తెంపేద్దామా అనుకుంది పెద్దామె, కానీ మేనేజరు కుర్చీ తలుపుకి ఎదురుగానే ఉంది.

సరిగ్గా రెండింటికి పన్నెండో కట్ట పైకి లేచింది. మేనేజరు కాలిక్యులేటరు కోసం సొరుగు లాగాడు. ఆయన తేల్చబోయే పన్నెండు గంటల అంకె ఆమెకు పొద్దుటినుంచీ తెలుసు.

చిన్నామె చెంగుతో మొహం తుడుచుకుంటూ పరుగున బయటికొచ్చింది. చూపుడువేలు చీరుకుపోయి రక్తం కారుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా! మన బల్ల పరువు నిలబెట్టాను. ఇంత తొందరగా అయిందంటే ఇక నిన్నూ నన్నూ ఎవడూ ఒక్కమాట అనలేడు. అందుకే తిండి కూడా మానేశాను."

లోపల మేనేజరు కాగితం మీద ఏదో రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"చాలా బాగా కుట్టావే," అని పెద్దామె తన చెంగు చింపి ఆ వేలికి కట్టు కట్టసాగింది. బొటనవేలు సహకరించక ముడి రెండుసార్లు జారిపోయింది.