గంగమణి కొంగుముడి

క్రషింగ్ మొదలైతే బోధన్ల ఎటు చూసినా చెరుకు బండ్లే. షక్కర్ ఫ్యాక్టరీ గేటు కాడి నుంచి ఊరి బయటిదాకా లైను. ఎడ్లను విప్పి, కాంటా మీదికి పిలుపు ఎప్పుడొస్తదా అని కూసునుడే పని. పూట పట్టొచ్చు, రెండు దినాలు పట్టొచ్చు. ఈలోపల దొంగలదే రాజ్యం. కట్టలకెళ్లి ఒక్క గడ గుంజితే కట్ట వదులైతది, వదులైనంక మిగిలినయి ఊడవీకుడు ఎంతసేపు? కాపలా ఉన్నోడు కునుకు తీసిండంటే ఎడ్ల పగ్గాలు, లాంతరు గూడ వదలరు ముదనష్టపోళ్లు.

నర్సన్నకు మాత్రం ఆ రంది లేదు. సచ్చిపోయిన అన్న పెండ్లాం, వాని వదిన గంగమణి, బండి మీద ఉండేది. చెరుకు మీదికెక్కి, బండి మోకుకు తన కొంగు ముడేసిందంటే ఆ బండి మీది ఆకు గూడ ఎవని చేతికీ రాదు. ఎంతమంది గుంజినా రాదు. కాంటా మీద తూకమైనంకనే ఆ ముడి దానంతటదే ఊడుతది. అప్పటిదాకా గంగమణికి గూడ దిగ వశం కాదు. రొట్టె, నీళ్లు పైకే అందియ్యాలె. ఎండైనా, మంచైనా అక్కడనే. లైనుల అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ వింతగ చూసేటోళ్లు కాదు. నర్సన్నకేంది, తాళం ఇంట్లనే ఉన్నదని నవ్వేటోళ్లు, గంతే.

తాళమే మరి. వాళ్లల్ల మారుమనువు తప్పేం కాదు, నలుగురు పెద్దమనుషులు కూసుంటే అయిపోయే పని. ఎవరన్న ఆమెను అడుగనొస్తే ఈ సీజన్ కానియ్యుండ్రి అనేటోడు నర్సన్న. సీజన్ అయినంక నాట్లు కానియ్యుండ్రి అనేటోడు. వాని మొఖం మండ, అట్లనే ఆమె వయసంత కానిచ్చిండు.

పోచంపాడు డ్యాం పని మొదలైన ఏడు, లైనుల వాళ్ల వెనక బండి ఎడపల్లి కాశయ్యది. పెండ్లాం పోయిన మనిషి. తన సద్దిలకెళ్లి సగం రొట్టె గంగమణికి అందిచ్చేటోడు. నర్సన్నను అడిగి ఫాయిదా లేదని ఆమెనే అడిగిండు, నా ఇంటికి వస్తవా అని. వస్తనన్నది. మల్ల బండి తెచ్చిన దినం, నర్సన్న చాయ్‌కి పోయినప్పుడు ఆమె దిగి కాశయ్య బండి ఎక్కాలె అనుకున్నరు. ఎడపల్లిల పెద్దమనుషులు కూసొని ఉంటరు. మనువైనంక నర్సన్న ఏం జేస్తడు? ఒక్కటే, ఆ దినం ముడెయ్యొద్దని కాశయ్య చెప్పిండు. అదెట్ల మర్చిపోతనని గంగమణి నవ్వింది. ఆమె నవ్వంగ లైనుల ఎవరూ చూసి ఎరుగరు.

ఆ దినం కొత్త రవికె తొడుక్కొని వచ్చింది. బండి ఆగింది. నర్సన్న ఎడ్లను విప్పి చాయ్‌కి పోయిండు. కాశయ్య ఖాళీ బండి పక్కకు తెచ్చి చెయ్యి చాపిండు. ఆమె లేవబోయింది, లేవరాలే.

కిందికి చూసుకున్నది. కొంగు మోకుకు ముడేసి ఉన్నది. ఎప్పుడేసిందో ఆమెకే తెల్వది. బండి ఆగంగనే ముడేసుడు ఏండ్ల సంది అలవాటైన చేతులాయె, వాటి పని అవి చేసినయి. కాశయ్య ఆమెను గుంజిండు, కొంగును గుంజిండు. కొడవలి పెట్టి కోసిండు, నూలుపోగు తెగలే. బండి మీది సొమ్ము ఎవరికీ రాదు గద, ఆమె గూడ బండి మీదనే ఉన్నది.

అంతల నర్సన్న వచ్చిండు. తిట్టలే, కొట్టలే. ముడి దిక్కు చూసి నిమ్మళంగ అన్నడు: "నేను కట్టలే కాశన్నా. అడుగు."

"నువ్వే ఏసినవా?" అన్నడు కాశయ్య.

అబద్ధం ఆమెకు రాకపాయె. "నేనే ఏసిన. సోయి లేక ఏసిన."

తూకం దాకా ఆగుమని ఏడ్సుకుంట బతిలాడింది. కాశయ్య ఆగలే. రానంటే చెప్పరాదా, నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తివి అనుకుంట బండి తోలుకొని పోయిండు. ఆ రోషం మీద మన్నువడ.

పొద్దుగూకంగ తూకమైంది. ముడి ఊడింది. ఇంటి తొవ్వల ఎడపల్లి వచ్చినంక గంగమణి బండి దిగి కాశయ్య వాకిట్ల నిలవడి అంత చెప్పింది. పెద్దమనుషులు అప్పటికే లేచి పోయిండ్రు. కాశయ్య అంత విన్నడు. ఆయన కోపం గూడ దిగింది.

"నమ్ముతున్న గంగమణీ" అన్నడు. "గని నీ చేతులు ఇంక ఆ బండివే. నిన్ను తీసుకొని నేనేం జేసుకోను?"

నర్సన్న తొవ్వల బండి ఆపుకొనే ఉన్నడు, పిలువ గూడ పిలువలే. ఆమె వచ్చి ఎక్కి కూసున్నది. కొంగు ముడెయ్యలే. ఆ బండిల ఎవరన్న ఎత్తుకపోయేది ఇంక ఏం లేదు.