మల్పెకని కుట్టిన బట్టలు

పుష్పావతికి సముద్రం పిచ్చి ఎక్కడ పట్టిందో అక్క సత్యభామకు తెలుసు. అత్తిబెలెలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెల్లెలు పంతొమ్మిదేళ్ళు ప్యాకింగ్ పని చేసింది. పై దేశాల వాళ్ళు సముద్రపు ఒడ్డున వేసుకునే బట్టలను మడిచి, కవర్లలో పెట్టి, పెట్టెల్లో సర్దడమే పని. ఏ ప్యాంటు మీదికి ఏ చొక్కా నప్పుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సముద్రాన్ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

కడుపులో గడ్డ అని తేలి, ఉద్యోగం మానేసి, హూడిలో అక్క ఇంటికి చేరింది. ఒకరోజు ఫోన్ చూస్తూ చూస్తూ తలెత్తి అంది.

"అక్కా, మల్పె సముద్రానికి పోదాము. మూడు దినాలు. దినానికి రెండు జతలు. చీర కట్టుకొని నీళ్ళల్లో నిలబడేదానికైతే నేను రాను."

"ఈ వయసులో ఏమి షోకే నీకు" అని సత్యభామ నవ్వింది గానీ, మర్నాడే చిక్‌పేటకు పోయి బట్ట తెచ్చింది. ఇంటి ముందుగదిలోనే ఆమె టైలరింగ్ షాపు. ముప్పై ఏళ్ళుగా జాకెట్లకు, చుడీదార్లకు అలవాటు పడిన చేతితో కొత్త కోతలు కోసింది. తెల్ల లినెన్‌లో వదులు ప్యాంటు, దాని మీదికి నిమ్మపండు రంగు పొట్టి చొక్కా. పాదాల దాకా మందారాలు పూసిన గౌను. పైకీ కిందికీ ఒకటే నీలం గళ్ళ జత. పుష్పావతి మంచం మీద కూర్చుని ఫోన్ చూపిస్తూ హుకుం జారీ చేసేది.

"ఆ నీలానికి తెల్ల గుండీలు బాగుండవు. చెక్క గుండీలు పెట్టు."

పుల్లవిరుపు మాటలే. అయినా ఆమె చెప్పినట్టు చేస్తే బట్టకు కళ వచ్చేది. మూడు వారాలకొకసారి ఆస్పత్రిలో సూది మందు ఎక్కించుకోవాలి. ఒంట్లో బలం నిలబడితే ప్రయాణం చేయొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అక్కాచెల్లెళ్ళ ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

మొదటిసారి వేసి చూసుకున్న రోజున తెల్ల ప్యాంటు నడుము మీద నిలవక జారిపోయింది. కొలతలు తీసి నెల కూడా కాలేదు. పుష్పావతి అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"ఎవురిదో తెచ్చి తొడుక్కున్నట్టుండాది. నేను అయిపోయినానక్కా" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు గంజి కూడా ముట్టలేదు.

మూడోరోజు సత్యభామ మంచం పక్కన కూర్చుని అంది.

"తప్పు నాదే. నా టేపు పాతదై సాగిపోయుండాది. చూసుకోకుండా కోసేసినాను. సరిచేసి ఇస్తాను, లేచి గంజి తాగు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించడమే వృత్తిగా బతికిన మనిషికి అదేం కష్టం? అప్పటినుంచి శనివారం మధ్యాహ్నం చెల్లెలు మాత్ర వేసుకుని నిద్రపోగానే, మెల్లగా నడుము కొలిచేది. అర అంగుళం, పావు అంగుళం, ఎంత తగ్గితే అంత లోపలికి పట్టి కుట్టేది. ఆదివారం వేసి చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయేది. పుష్పావతి అద్దం ముందు ఇటూ అటూ తిరిగి, అక్క చేసిన రాగి ముద్ద రెండోది కూడా పెట్టించుకునేది. చెల్లెలు తింటుంటే సత్యభామకు కళ్ళు చెమర్చేవి. ఆ సంతోషమే కొంప ముంచింది.

ఆస్పత్రికి నేనొక్కదాన్నే పోయొస్తాననేది పుష్పావతి. షాపు నిండా పండగ బట్టలు. సరేనంది సత్యభామ. సూది పడినా మనిషి ఈమధ్య వాలిపోవడం లేదని దేవుడికి దండం కూడా పెట్టుకుంది. ఒక బుధవారం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పేషెంటు వరసగా మూడు సూదులకు రాలేదని నర్సు చెప్పింది.

"యాల పోలేదు పుష్పా?"

"యాల పోవాల? ఆ కాటా మీద నిలబెట్టి ఐదు కిలోలు తగ్గినావన్నారు. కాటా మాట నమ్మాల్నా, నా ఒంటిమీద బట్ట మాట నమ్మాల్నా? ఇన్ని వారాల్లో ఒక్క జతైనా వదులైందా? ఆ సూది పడితే నాలుగు దినాలు లేయలేను. బాగైన మనిషి సుమ్నే ఊరికే ఎందుకు పొడిపించుకోవాల?"

అప్పుడే చెప్పేయాల్సింది. ముందు ఆస్పత్రికి తీసుకుపోదాం, తర్వాత చెబుదామనుకుంది సత్యభామ. పిరికితనానికి తర్వాత అనే మాట ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ సత్యభామను పక్కకు పిలిచింది.

"పొట్టలో నీరు చేరుతోందమ్మా. మానకుండా వచ్చి ఉంటే ఇంకొంత కాలం దొరికేదేమో. ఇప్పుడు సూదికి తట్టుకునే శక్తి లేదు. ఇంట్లోనే ఉంచుకుని బాగా చూసుకోండి. కొన్ని వారాలు, అంతే."

పుష్పావతితో మాత్రం, ప్రయాణం ఇప్పుడే వద్దని మెత్తగా చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది సత్యభామ బతుకు. ఆటోలో చెల్లెలి చేయి పట్టుకుని కూర్చుంది. తన చెల్లెల్ని తన సూదితోనే చంపుకున్నాననిపించింది. ఆదివారం నిజం చెప్పి కాళ్ళు పట్టుకోవాలని గట్టిగా అనుకుంది.

ఆదివారం పుష్పావతి పట్టుబట్టి మందారాల గౌను వేసుకుంది. వెనక జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. సత్యభామ ఎంత లాగినా కదల్లేదు. పుష్పావతి రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఆ ముఖాన కనబడి ఎన్నాళ్ళయిందో.

"చూసినావా, ఒళ్ళు చేసినాను. నీ రాగి ముద్దలు ఊరికే పోతాయా? ఆ డాక్టరమ్మకి చెప్పు, వచ్చే నెల పోతాము."

"పుష్పా..."

"ఏమక్కా?"

గౌను జారకుండా పట్టుకుని, పుల్లల్లాంటి చేతులతో, చెల్లెలు నిటారుగా నిలబడి ఎదురుచూస్తోంది.

"చేతులెత్తు, కొలుస్తాను" అంది సత్యభామ. టేపు చుట్టింది.

"ఎంత పెరిగింది?"

"మూడించులు."

ఇన్నాళ్ళలో ఆమె చెల్లెలికి చెప్పిన నిజమైన కొలత అదొక్కటే.

"ఇంకో రెండించులు ఎక్కువే వదులక్కా. మల్పెలో చేపలు తింటే ఇంకా లావైతాను" అంది పుష్పావతి.

సరేనని సత్యభామ మిషను ముందు కూర్చుంది. గౌను తిరగేసి, తాను వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.