నా బిడ్డ బస్సులో వెనక సీటు

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి, ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది.

నా బిడ్డ నిఖితకు ఎస్టీ బస్సులో, అంటే మా మహారాష్ట్ర సర్కారు బస్సులో, కండక్టర్ ఉద్యోగం వచ్చింది. దానికి ఆరేళ్లప్పుడే వాళ్ల నాన్న పోయాడు. అప్పటినుంచి నేను దాన్ని కళ్లముందు నుంచి కదలనివ్వలేదు. ఇప్పుడేమో ఖాకీ బట్టలు వేసుకుని, సిరోంచ నుంచి అహేరికి అడవిలో గుంతల దారిన రోజూ పోయిరావాలి. తాగినవాడెవడైనా గొడవపడితే? బస్సు మధ్యలో ఆగిపోతే? మూడో రోజు నేనూ అదే బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను.

"ఎటు పోతున్నవే అవ్వా?" అంది నిఖిత టికెట్ మిషన్ పట్టుకుని.

"అహేరి అంగడికి."

"ఇయ్యాల అంగడెక్కడిది?"

ఆ తర్వాత రోజూ ఎక్కాను. డ్రైవర్ బాలన్న అద్దంలో చూసి నవ్వేవాడు. "రాజక్కా, ఆడోళ్లకు సగం టికెటని రోజు తిరుగుతున్నవా? డిపోల జెప్పి నీకు సుత ఖాకీ చీర ఇప్పియ్యాల్నా?"

చిల్లర కోసం ఎవరైనా గొంతు పెంచితే నేను లేచి, "మా పిల్లతోని గట్టిగ మాట్లాడకు" అనేదాన్ని. ఒక సాయంత్రం నిఖిత కంచం పక్కకు నెట్టింది.

"నువ్వు ఎనక నుంచి ఒర్లుతుంటే నా మాట ఎవ్వలింటరు? అందరు నన్ను చిన్నపిల్ల లెక్క చూస్తున్రు. గిట్లైతే ఈ నౌకరి నాతోని కాదు."

అయినా మర్నాడు ఎక్కాను.

ఆ రోజు వాన. జిమలగట్ట దగ్గర వెనక చక్రం బురదలో దిగిపోయింది. నిఖిత కిందికి దూకింది.

"దిగకు బిడ్డా, పడుతవ్!" అని అరిచాను.

అది నావైపు చూడలేదు. "అందరు దిగుండ్రి, బరువు తగ్గాలె. ముసలోళ్లు చెట్టు కింద నిలవడుండ్రి. తమ్మీ, మీరు రాళ్లు తెండ్రి."

తాగి తూలుతున్న ఒకాయన "నేను తోస్త" అంటూ ముందుకొచ్చాడు. నేను గబగబా దిగి నిఖిత పక్కకు పోయాను.

"వద్దు కాకా. జర ఈ సంచులు పట్టుకో, నీ మీదనే భరోసా" అంది నిఖిత. అతను నాలుగు సంచులు కౌగిలించుకుని, సిపాయిలాగ కదలకుండా నిలబడ్డాడు.

అంతలో ఎదురుగా సిరోంచ బస్సు వచ్చింది. నిఖిత చెయ్యెత్తి ఆపి, నా రెక్క పట్టుకుంది.

"ఎక్కవ్వా. ఇంటికి పో."

"మరి నువ్వో?"

"నా బస్సు ఇడిసిపెట్టి నేనెట్లొస్తనే? ముప్పై మందున్నరు."

ఆ ముప్పై మంది వైపు చూశాను. అందరూ దాని నోటి మాట కోసమే చూస్తున్నారు. నేనొక్కదాన్నే ఏడుస్తున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని ఎక్కాను.

కిటికీలోంచి చూశాను. మోకాళ్లదాకా బురదతో నిఖిత చెయ్యి ఊపింది. అందరూ ఒక్కసారి తోశారు. బస్సు గట్టెక్కింది. నేను కూర్చున్న బస్సు కదిలాక ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

"లే అవ్వా, సిరోంచొచ్చింది. నీ గురకకు ఇంజను సప్పుడే ఇనవడలే" అని కండక్టర్ లేపాడు.

పొద్దుగూకే వేళకు నిఖిత వచ్చింది. ప్యాంటు మీద బురద ఎండిపోయి ఉంది. నీళ్లు కాచి పోశాను, కూర వేడిచేసి పెట్టాను. తింటూ తింటూ అడిగింది.

"రేపు సుత వస్తవా?"

"రేపు మనకు నాట్లున్నయి. నువ్వు పోయిరా బిడ్డా."

— దుర్గం రాజుబాయి, యాభై ఎనిమిదేళ్లు, సిరోంచ