ఫోన్లు వాటంతటవే వెళ్లాయి

విజ్ఞానసర్వస్వంలో ఆమె పేరు సూది. రోజంతా రక్తపరీక్షల ల్యాబులో జనం చేతులకు సూదులు గుచ్చే మనిషి కనుక, ఇంటర్నెట్లో పదిమందీ కలిసి ఉచితంగా రాసే ఆ విజ్ఞానసర్వస్వంలో చేరినప్పుడు ఆ పేరే పెట్టుకుంది. భర్త కూడా సరదా పుడితే "సూదిగారూ" అనే పిలుస్తాడు.

గొడవ ఒక ఆదివారం పొద్దున మొదలైంది. సూది బట్టలు మడతపెడుతోంది. భర్త ఫోన్లో పాత వరద గురించిన వ్యాసం తీసి అత్తగారికి, అంటే సూది వాళ్ల అమ్మకి, చదివి వినిపిస్తున్నాడు. ఆవిడే అడిగింది. యాభై మూడేళ్ల కిందట జలాశయం కట్ట తెగి ఊరు మునిగినప్పుడు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు మీద కాల్స్ కలిపే ఆపరేటరు.

"'ఆ మధ్యాహ్నం ఎక్స్ఛేంజి సూపర్వైజరు స్వయంగా బోర్డు ముందు కూర్చుని, దిగువనున్న ఇళ్లకు ఫోన్లు చేసి వందలమందిని కాపాడారు...'"

"ఎవరూ?" అంది అమ్మ.

"సూపర్వైజరు, అత్తయ్యా."

"వాడా! కట్ట తెగిందనగానే మేడెక్కినవాడు నీళ్లు తీసేదాకా దిగితే ఒట్టు. దింపడానికి నిచ్చెన వేయాల్సొచ్చింది. బోర్డు ముందు కూర్చున్నది నేను. నీళ్లు కుర్చీ కాళ్లు తాకేదాకా కూర్చున్నా. ఎవడు రాశాడా కూత?"

సూది చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఏడేళ్ల కిందట ఆ వ్యాసం మొదలుపెట్టింది తనే. అమ్మ పేరు పెట్టలేదు గానీ, "ఎక్స్ఛేంజి ఆపరేటరు" అని స్పష్టంగా రాసింది. ఆ రెండు మాటల కోసమే అసలు ఆ వ్యాసం రాసింది. అమ్మ బతికుండగా, అమ్మ చేసిన పని ఎక్కడో ఒకచోట రాతలో ఉండాలని.

చొక్కా అక్కడే పడేసి కంప్యూటరు తెరిచింది. "సూపర్వైజరు" తీసి "ఆపరేటరు" అని పెట్టింది. కాఫీ కలుపుకుని వచ్చేసరికి మళ్లీ సూపర్వైజరే కూర్చుని ఉన్నాడు. మార్చింది గడియారం. విజ్ఞానసర్వస్వంలో ఆయన పేరు అదే. పేరుకు తగ్గట్టే ఠంచనుగా కాపలా కాస్తాడు. పక్కన ఆధారం కూడా చూపించాడు, వరదకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఒక దినపత్రిక వేసిన కథనం.

ఆ కథనం తెరిచి చదివితే సూదికి ఒళ్లు మండిపోయింది. "స్వయంగా బోర్డు ముందు కూర్చుని" అన్న మాటల దగ్గర నుంచి చివరి చుక్క దాకా విజ్ఞానసర్వస్వంలోని వాక్యమే.

విజ్ఞానసర్వస్వంలో ఎవరు ఏ అక్షరం మార్చినా దాని చరిత్ర తేదీతో సహా నిలిచి ఉంటుంది. అరగంట తవ్వింది. ఐదేళ్ల కిందట, పేరూ ఊరూ చెప్పని ఎవరో ఒకరు వచ్చి, ఆపరేటరును సూపర్వైజరు చేసి, "స్వయంగా" కూడా తగిలించి పోయారు. ఆధారం లేదు. పత్రిక కథనం వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి. అంటే పత్రిక వీళ్ల దగ్గర ఎత్తుకుంది, ఇప్పుడు వీళ్లు ఆ పత్రికనే సాక్ష్యానికి పిలుస్తున్నారు. దొంగకు దొంగే సాక్షి!

వ్యాసం వెనుక ఉండే చర్చాపేజీలో ఇదంతా తేదీలతో రాసింది. గడియారం జవాబు వెంటనే వచ్చింది.

"పత్రికవాళ్లు విడిగా విచారించి రాసి ఉండొచ్చు కదా. మీ అనుమానం ఆధారం కాదు."

"మా ల్యాబులో ఒకే రక్తాన్ని ఒకే మిషన్లో రెండుసార్లు పెట్టి, రెండు ల్యాబులు ఒకే మాట చెప్పాయని రిపోర్టు ఇస్తే నన్ను మెడపట్టి గెంటుతారు. మీరు చేస్తున్నది అదే," అని టైపు కొట్టింది సూది.

"సూదిగారూ, ఆ మార్పు జరిగిన మర్నాడే అదే పేరాలో తేదీ సరిచేసింది మీరు. చరిత్రలో ఉంది, చూసుకోండి. అప్పుడు తప్పు కనిపించలేదా? కళ్లు ల్యాబులో మర్చిపోయారా?"

చూసుకుంది. నిజమే. ఐదేళ్ల కిందట ఒక సాయంత్రం వరసగా నలభై వ్యాసాల్లో తేదీలు ఒక పద్ధతికి తెచ్చింది. తన సొంత వ్యాసంలో, అమ్మ వాక్యం పక్కన, అంకెలు మార్చి వెళ్లిపోయింది. పక్క మాట చదవలేదు. చీటీ మీద పేరు చూడకుండా రక్తం గొట్టం మీద స్టిక్కరు అతికించినట్టు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లను ఇందుకే కదా తను నిలబెట్టి కడిగేస్తుంది! కోపం గడియారం మీద సగం, తన మీద సగం అయ్యింది. అది ఇంకా దుర్భరంగా ఉంది.

"నా దగ్గర కాగితం ఉంది," అంది అమ్మ వెనకనుంచి.

పింఛను కాగితాల సంచిలోంచి పసుపుబారిన మెమో ఒకటి తీసింది. ఎక్స్ఛేంజిలో కలిపిన ప్రతి ఫోనుకూ ఒక చీటీ రాయాలి, అది నియమం. "ఆ మధ్యాహ్నం రెండు గంటలపాటు చీటీలు రాయకుండా, పైఅధికారి అనుమతి లేకుండా చందాదారులకు కాల్స్ కలిపినందుకు సంజాయిషీ ఇవ్వవలసింది" అని ఉంది. కింద సంతకం ఆ సూపర్వైజరుదే.

"అమ్మా! ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మెమో వచ్చిందని ఊరంతా డప్పు కొట్టుకుంటారా?"

"మరి సంజాయిషీ ఏమిచ్చావ్?"

"నీళ్లు కూడా చీటీ రాయించుకుని రాలేదండీ, అన్నాను."

భర్త పడీ పడీ నవ్వాడు. సూదికి నవ్వు రాలేదు. మెమో ఫోటో తీసి చర్చాపేజీలో పెట్టింది. ఇక దీంతో నోళ్లు మూతపడతాయనుకుంది.

పడలేదు. ఇలాంటి తగాదాలు వచ్చినప్పుడు తీర్పు చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, త్రాసు. ఆయనా జీతం లేని మనిషే, కానీ మాట నెమ్మది. "సూదిగారూ, కాగితం చూస్తే నమ్మాలనే ఉంది. కానీ ఇది ఎక్కడా అచ్చు కాలేదు. ఇంట్లో కాగితాలు చూసి రాయడం మన పద్ధతి కాదు. రేపు ఇంకొకరు ఇంకో కాగితం తెస్తారు. అన్నట్టు, ఇది మీకు ఎలా దొరికింది?"

ఆ చివరి ప్రశ్నకు సూది జవాబు రాయలేదు.

"మేడెక్కి కూర్చున్నవాడికి పత్రిక సాక్ష్యం, బోర్డు ముందు కూర్చున్నదానికి పద్ధతి అడ్డం!" అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకుంది. గిన్నెలు మాత్రం గట్టిగానే జవాబిచ్చాయి.

సోమవారం ల్యాబులో తీరిక చూసుకుని పత్రికాఫీసుకు ఫోన్ చేసింది. నలుగురి చేతులు మారాక ఆ కథనం రాసిన విలేకరి దొరికాడు.

"ఆ సూపర్వైజరు సంగతి మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పడమేంటి మేడమ్, ఆ విజ్ఞానసర్వస్వం ఉందిగా. సాయంత్రంలోగా ఇవ్వమన్నారు, అందులోంచి తీసుకున్నా. ఎందుకు, తప్పా?"

"తప్పే. సవరణ వేస్తారా?"

"మూడేళ్ల కిందటిదానికా! మా ఎడిటరు నన్ను సవరిస్తాడు."

"పోనీ ఇప్పుడు చెప్పిన ఒక్క ముక్క మెయిల్లో రాసి పంపండి. మీ ఆరోగ్యం బాగుంటుంది."

పాపం, ఆ ఆఖరి మాట ఆశీర్వాదమో బెదిరింపో తెలియక కాబోలు, గంటలో పంపాడు.

తర్వాతి వారం బుధవారం త్రాసు తీర్పు చెప్పాడు. పత్రిక మన దగ్గరే తీసుకుందని తేలింది కనుక అది ఆధారం కాదు, సూపర్వైజరు మాట తీసేయాలి. అచ్చయిన ఆధారం లేదు కనుక ఆపరేటరు మాట కూడా పెట్టకూడదు. కొత్త వాక్యం ఆయనే రాశాడు: "ఆ మధ్యాహ్నం ఎక్స్ఛేంజి నుంచి దిగువ ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి."

"వాటంతటవే వెళ్లాయా?" అని అరిచింది సూది, తెర వంక చూస్తూ. "ఎక్స్ఛేంజికి కాళ్లూ చేతులూ ఉన్నాయా? చేసిన మనిషి మన ఇంట్లో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంటే!"

"ఇదిగో," అన్నాడు భర్త. "నీ ఫ్రెండు ఒకావిడ మాసపత్రికలో రాస్తుంది కదా. అత్తయ్య సంగతి ఒక పేజీ రాయించు. అచ్చయితే ఆధారమే. ఎవరు కాదంటారు?"

ఎవరూ కాదనరు. సూది ఫోను చేతిలోకి తీసుకుంది, ఫ్రెండు నంబరు కూడా తీసింది. రాసేది నిజమే. కానీ ఫ్రెండుకు తెలిసేది తను చెబితేనే. తను చెప్పింది ఫ్రెండు రాస్తే, ఫ్రెండు రాసింది తను చూపిస్తే, మళ్లీ అదే రక్తం, అదే మిషన్. నంబరు వదిలేసింది.

"ఏం రాశారు చివరికి?" అంది అమ్మ.

సూది చదివింది. అమ్మ చెక్కు తీయడం ఆపలేదు.

"వాడి మాట పోయిందా?"

"పోయింది. నీదీ రాలేదు."

"ఆ గడియారమో గంటో, ఆయనకు నేను నీ అమ్మనని చెప్పావా?"

సూది ఒక బీరకాయ అందుకుని తొడిమ తుంచసాగింది.

"చెప్పలేదన్నమాట. మరి ఆయన నిన్నెందుకు నమ్మాలే, అమ్మడూ? మేడెక్కినవాడి మనవడు వచ్చి, మా తాత చేశాడంటే నువ్వు నమ్ముతావా?"

"అమ్మా, నువ్వు నా పక్షమా, వాళ్ల పక్షమా?"

"నేను బోర్డు దగ్గరదాన్ని. అడిగిన నంబరు కలపడమే నా పని."

సూదికి ఉక్రోషం ముంచుకొచ్చింది. అమ్మ అన్నది తప్పయితే అంత ఉక్రోషం వచ్చేది కాదు. పదేళ్లుగా విజ్ఞానసర్వస్వంలో సొంతవాళ్ల గురించి రాసేవాళ్లను ఎందరిని నిలదీసింది తను, ఈ కంపెనీ మీదేనా, ఈ నాయకుడు మీ బాబాయేనా అని! త్రాసు అడిగిన ప్రశ్న వారం నుంచి చర్చాపేజీలో అలాగే వేలాడుతోంది.

కూర్చుని రాసింది. "మెమో నాకు ఎలా దొరికిందని త్రాసుగారు అడిగారు. ఆ ఆపరేటరు మా అమ్మ. ఈ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తేదీలు సరిచేసిన రోజు తప్పు చూడకపోవడం కూడా నా తప్పే. ఇకమీదట ఈ వ్యాసం ముట్టుకోను. కానీ ఒక మాట. సూపర్వైజరును ఏ ఆధారమూ అడగకుండా ఐదేళ్లు కూర్చోబెట్టాం. ఆపరేటరు వచ్చేసరికి మనందరికీ పద్ధతులు గుర్తొచ్చాయి. ఇది న్యాయమని నేను ఒప్పుకోను."

రాసి, మూసేసి, ఆ రోజు బట్టలు మడతపెట్టింది. మర్నాడు ల్యాబునుంచి వచ్చి చూస్తే గడియారం జవాబు ఉంది.

"మొదటి రోజే చెప్పి ఉంటే నేను అన్ని మాటలు అనేవాణ్ని కాదు. అన్నందుకు మాత్రం క్షమాపణ చెప్పను, మీరూ తక్కువ అనలేదు. మా జిల్లా గ్రంథాలయంలో ఆ ఏడాది పత్రికల కట్టలు ఉన్నాయి. కార్డు ఉన్నవాళ్లకే తీసిస్తారు, నాకుంది. శనివారం వెళ్తాను. వరద మర్నాటి నుంచి నెల రోజుల పత్రికలు చూస్తాను. ఆపరేటరు ఉంటే పెడతాను. సూపర్వైజరు ఉంటే సూపర్వైజర్నే పెడతాను. ముందే చెబుతున్నా."

"చూశావా ఆ పొగరు!" అంది సూది. "ఈ పని మొదటి రోజే చేయొచ్చుగా! కట్టలు పక్కన పెట్టుకుని పది రోజులు నాతో తగువాడాడు!"

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ నాలుగు ముక్కలూ తనే మెల్లగా చదువుకుంది.

"నెల రోజుల కట్టలంటే తక్కువ దుమ్ము కాదు," అంది. "ముక్కుకు గుడ్డ కట్టుకోమని రాయి."

"నేనా? వాడికా?"

"నువ్వు కాకపోతే నేను రాస్తా. ఎక్కడ నొక్కాలో చూపించు."